ఎక్స్‌రే ఇంటికి పిల్లి వచ్చింది

ఆయన అసలు పేరు డిపోలో ఎవరికీ గుర్తులేదు. ఎక్స్‌రే అంటే మాత్రం డ్రైవర్ల దగ్గర్నుంచి క్యాంటీన్‌లో టీ పోసే మనిషి దాకా అందరికీ తెలుసు. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు ఆయన. ఇరవై ఏడేళ్ళ సర్వీసు, యాభై ఆరేళ్ళ వయసు, పొట్టి మనిషి. చొక్కా జేబులో ఒక చిన్న నోటు పుస్తకం, రెండు పెన్నులు ఉంటాయి. రెండెందుకంటే, ఒకటి ఎవరో ఒకరు అడుగుతారని, అడిగినవాళ్ళు తిరిగివ్వరని.

ఆ పేరు ఊరికే రాలేదు. బస్సెక్కి మొహాలు చూసుకుంటూ నాలుగడుగులు వేస్తే చాలు, టికెట్ లేనివాడెవడో ఆయనకు తెలిసిపోతుంది. నిద్ర నటించేవాడు, అడక్కముందే జేబులు వెతుక్కునేవాడు, మరీ మర్యాదగా పక్కకు జరిగి చోటిచ్చేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే జాతి మొత్తం ఆయనకు కొట్టిన పిండి. అయితే ఆయన గొప్పతనం కళ్ళలో కంటే రావడంలో ఉంది. ఎప్పుడొస్తాడో, ఎక్కడ ఎక్కుతాడో ఎవరికీ తెలియదు. స్టాపులో నిలబడి చెయ్యెత్తి బస్సు ఆపే ఇన్‌స్పెక్టర్లంటే ఆయనకు చులకన. తను మాత్రం మలుపు దగ్గరో రైలు గేటు దగ్గరో, బస్సు నెమ్మదించే చోట కాపు వేసి ఎక్కేవాడు. ఇవాళ పొద్దున్న ఏడింటికి ఒక దారిలో కనిపిస్తే రేపు అదే దారిలో మధ్యాహ్నం మూడింటికి ఊడిపడేవాడు. వేళ తెలిసిన తనిఖీ తనిఖీయే కాదని ఆయన సిద్ధాంతం. కండక్టర్లు వెనకాల నానా మాటలూ అనుకునేవారు. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా అని ఆయన నవ్వి ఊరుకునేవాడు.

పోనీ ఇంటికొచ్చాక ఆ బుద్ధి చెప్పులతోపాటు గుమ్మం బయట వదిలేవాడా అంటే, అదీ లేదు. పాలు తెచ్చే మనిషి మీద అనుమానం, మీటరు చూసే మనిషి మీద అనుమానం, పై వాటాలో ఉండే కుటుంబం నీళ్ళ మోటారు ఎన్నిసార్లు వేస్తోందో అని అనుమానం. ముప్పయ్యేళ్ళ వయసులో ఒక సంబంధం కుదిరింది. పిల్ల తండ్రి తమకు సొంత ఇల్లుందని చెప్పాడు. నిజమో కాదో చూద్దామని మనవాడు చెప్పాపెట్టకుండా ఆ వీధికి వెళ్ళి, అటూ ఇటూ మూడిళ్ళవాళ్ళను విచారించి వచ్చాడు. ఇల్లు సొంతదే. సంబంధం మాత్రం పోయింది. ఆ కబురు నలుగురికీ పాకాక ఇంకో సంబంధం ఆ గుమ్మం తొక్కలేదు.

ఈ లోకంలో ఆయన్ని 'ఒరే' అని పిలవగలిగిన మనిషి ఒక్కతే, అక్క. ఆయనకంటే అయిదేళ్ళు పెద్ద. చిన్నప్పుడే తల్లి పోతే తలదువ్వి, చొక్కా బొత్తాలు పెట్టి బడికి పంపింది ఆవిడే. తర్వాత ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరి ముప్పై ఒక్క ఏళ్ళు అక్కడే ఒక గదిలో ఉండిపోయింది. రిటైరయ్యాక ఆ గది ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇది నాలుగు నెలల కిందటి మాట. ఆ రోజు ఎక్స్‌రే సెలవు పెట్టి, స్వయంగా వెళ్ళి, అక్క పెట్టె తన భుజాన మోసుకుని వచ్చాడు. వీధి వైపు కిటికీ ఉన్న ముందు గది ఆవిడకిచ్చి తను వెనక గదిలోకి మారాడు. ఇంట్లో రెండో మనిషి గొంతు వినపడుతుంటే ఆయనకు ఎంత సంతోషమేసిందో చెప్పలేం. మొదటి వారం రోజులూ డిపోలో ఎవరినీ తిట్టలేదు.

కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? డ్యూటీ మధ్యలో దారి పడితే పదకొండింటికోసారి, రెండింటికోసారి, ఒక్కోరోజు నాలుగింటికి ఇంట్లో ప్రత్యక్షమయ్యేవాడు. ఊరికే వచ్చానక్కా అనేవాడు. అక్క ఏదో చేస్తుందని కాదు, ఆవిడ ఏం చేస్తుంది పాపం. అయినా చూడాలి కదా అనిపించేది. ఎక్కడికెళ్ళావు, ఎవరొచ్చారు, ఆ కప్పులో ఎవరు తాగారు, ఇలా రోజుకు నాలుగు ప్రశ్నలు. అక్క అన్నింటికీ ఓపిగ్గా జవాబు చెప్పేది. ఆ ఓపిక ఎంత ఖర్చవుతోందో ఎక్స్‌రే కంటికి ఆనలేదు.

ఒక బుధవారం సాయంత్రం ఆయన వచ్చేసరికి ముందు గదిలో ఒక బుట్ట, బుట్టలో ఒక పిల్లి ఉన్నాయి. బూడిదరంగు, కుడి చెవి అంచు కాస్త చిరిగింది, నాలుగేళ్ళది. వీధి చివర టైలరు ఒకాయన పోయిన నెలలో చనిపోయాడు. పిల్లి ఆయన కుట్టుమిషను కిందే పెరిగిందట. కొట్టు అమ్మేస్తుంటే పశువుల డాక్టరమ్మ దాన్ని తన దగ్గర పెట్టుకుంది. అక్క చూసి, మనసుపడి, తెచ్చేసుకుంది.

మంచిదైతే ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు తీసుకోలేదని ఎక్స్‌రే మొదటి ప్రశ్న. ఆ చెవి ఎలా చిరిగిందని రెండోది. డాక్టరమ్మ మనకేమీ దాచలేదు కదా అని మూడోది. అక్క ఈసారి ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. అది ఆయనకు కొత్త.

"సరే, పది రోజులు చూస్తాను," అన్నాడు చివరికి. "ఇంట్లో ఇమడకపోతే డాక్టరమ్మకే తిరిగిచ్చేద్దాం."

"అలాగే. కానీ ఒకమాట ఇప్పుడే విను. దీన్ని పంపిస్తే దీంతోపాటు నేనూ వెళ్తాను. బెదిరింపు కాదురా. తర్వాత చెప్పలేదంటావని ముందే చెప్తున్నా."

ఎక్స్‌రే ఆ మాటకు నవ్వబోయాడు. అక్క మొహం చూసి ఆగిపోయాడు. ఎక్కడికి వెళ్తుంది ఈవిడ? నా అన్నవాళ్ళు తను తప్ప ఎవరున్నారు? అయినా అంత తడుముకోకుండా అందంటే ఎక్కడో ఒక చోటు చూసుకునే ఉండాలి. వెనక గదిలోకి వెళ్ళి నోటు పుస్తకంలో తేదీ వేసి, 'వెళ్తానంది. ఎక్కడికి?' అని రాసుకున్నాడు. అక్క లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు, ముప్పయ్యేళ్ళు అందులోనే ఉన్నాడు.

డాక్టరమ్మ అర ఠావు కాగితం మీద జాగ్రత్తలు రాసిచ్చింది. అక్క దాన్ని గది తలుపుకు అంటించింది. మొదట ఒక్క గదిలోనే ఉంచాలి. దాక్కోవడానికి ఒక అట్టపెట్టె ఉండాలి. ఇసుక తొట్టి ఒక మూల, తిండి ఇంకో మూల పెట్టాలి. దాక్కుంటే బయటికి లాగకూడదు, కళ్ళలోకి గుచ్చి చూడకూడదు. అన్నీ రోజూ ఒకే వేళకు జరగాలి. టైలరు కొట్లోంచి తెచ్చిన పాత గుడ్డపీలిక దాని దగ్గరే ఉంచాలి. రెండు రోజులు ఏమీ తినకపోతే వెంటనే తన దగ్గరికి తేవాలి. ఎక్స్‌రే ఆ కాగితాన్ని ఆఫీసు సర్క్యులర్ చదివినట్టు రెండుసార్లు చదివాడు.

చదివి ఏం లాభం? మరునాడు పొద్దున్నే ఆ గుడ్డపీలికలో పురుగులు ఉంటాయని అనుమానం వచ్చి, సబ్బు వేసి మరిగే నీళ్ళలో ఉడకబెట్టి ఆరేశాడు. అక్క చూసి తల పట్టుకుంది. దానికి తెలిసిన వాసన ఈ ఇల్లు మొత్తం మీద అదొక్కటే, అదీ కడిగేశావా అంది. శుభ్రం చేస్తే తప్పా అని ఆయన. అప్పటిదాకా అట్టపెట్టెలో ఉన్న పిల్లి ఆ గుడ్డను ఒకసారి వాసన చూసి, పోయి అక్క మంచం కింద, గోడ వారన ఉన్న పెట్టె వెనక్కి దూరింది. మళ్ళీ బయటికి రాలేదు.

ఆ రోజు ఆయనకు వారపు సెలవు. ఆ ఒక్కరోజే ఎక్స్‌రే ఏడుసార్లు టార్చిలైటు వేసి మంచం కిందకు తొంగిచూశాడు. పదింటికి, పదీ పావుకు, ఒంటిగంటకు, ఇలా ఎప్పుడు తోస్తే అప్పుడు. చూసిన ప్రతిసారీ పెట్టె వెనక రెండు పచ్చటి కళ్ళు ఇంకో రెండంగుళాలు లోపలికి జరిగేవి. తప్పు చేయనిది దాక్కోవడమెందుకన్నది ఆయన వాదన. టికెట్ లేకుండా ఎక్కి సీటు కింద దూరిన ప్యాసింజరు అన్నాడు. అప్పట్నుంచి దాన్ని ప్యాసింజరు అనే పిలిచాడు.

మూడో రోజుకు ఆయనకు అసలైన అనుమానం మొదలైంది. అది తింటోందా లేదా? తింటోంది, గిన్నె ఖాళీ అవుతోంది కదా అంది అక్క. గిన్నె ఖాళీ అవుతున్న మాట నిజమే. కానీ తింటుండగా ఆయన ఒక్కసారీ చూడలేదు, తిన్న చప్పుడైనా వినలేదు. పై వాటావాళ్ళ గండుపిల్లి కిటికీలోంచి వచ్చి తినిపోతోందేమోనని కిటికీ మూయించాడు. అయినా గిన్నె ఖాళీ. ఎలుకలా? ఎలుకలు తింటే గిన్నె అంత శుభ్రంగా ఉండదు, ఎవరో కడిగినట్టుంది. ఆదివారం పొద్దున్న అక్క స్నానానికి వెళ్ళినప్పుడు గిన్నె చుట్టూ నేల మీద పల్చగా పౌడరు చల్లాడు. సాయంత్రం వచ్చి టార్చి వేసి చూస్తే పౌడరు మీద పిల్లి పాదం ఒక్కటీ లేదు. అక్క ఇంట్లో వేసుకునే చెప్పుల అచ్చులు మాత్రం స్పష్టంగా పడ్డాయి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఎక్స్‌రేకు ఆ సామెత మీద ఎప్పుడూ నమ్మకం లేదు. అక్కను ఏమీ అడగలేదు, అడిగితే దొంగ జాగ్రత్తపడుతుంది. కాపు వేశాడు. అప్పుడు ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. అక్క వంటింట్లోకి వెళ్ళి ఫోనులో చిన్న గొంతుతో ఎవరితోనో మాట్లాడుతోంది, తను కనిపిస్తే ఆపేస్తోంది. ఇక సోమవారం పదకొండింటికి ఎక్కడికో వెళ్ళొచ్చింది. అడిగితే డాక్టరమ్మ దగ్గరికన్నది. ఎక్స్‌రే ఊరుకుంటాడా? డాక్టరమ్మకు ఫోన్ చేసి, పిల్లి ఎలా ఉందో చెబుతున్నట్టు మాట కలిపి, మా అక్క ఇవాళ మీ దగ్గరికి వచ్చిందా అని వాకబు చేశాడు. రాలేదండీ అంది ఆవిడ.

అబద్ధం. పుట్టి బుద్ధెరిగాక అక్క తనతో అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. అరవై ఏళ్ళు దాటిన మనిషి, తనకు బొత్తాలు పెట్టిన మనిషి. ఆ రోజు డ్యూటీలో ఎక్స్‌రే కాలుగాలిన పిల్లిలా బస్సు నుంచి బస్సుకు తిరిగాడు. ఒక ముసలాయన చేతిలో టికెట్ చూపిస్తుంటే చూడకుండానే దిగిపోయాడు. కండక్టరు నోరు తెరిచి ఉండిపోయాడట.

మంగళవారం పొద్దున్న బయల్దేరుతూ, ఇవాళ చాలా దూరం దారి, వచ్చేసరికి తొమ్మిది దాటుతుందని అక్కకు రెండుసార్లు చెప్పాడు. నాలుగుంపావుకల్లా మలుపు దగ్గర బస్సు దిగాడు. గేటు బయటే చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. తాళంచెవి తిప్పేటప్పుడు చప్పుడు కాకుండా తలుపును మోకాలితో కాస్త ముందుకు నొక్కిపట్టాడు. ఇరవై ఏడేళ్ళ అనుభవం, ఎక్కడికి పోతుంది!

ముందు గది తలుపు ఓరగా తీసి ఉంది. అక్క నేల మీద బోర్లా పడుకుని ఉంది. నడుము దాకా మంచం కిందే ఉంది, కాళ్ళు మాత్రం ఇవతల కనిపిస్తున్నాయి. పక్కన గిన్నె, గిన్నెలో చిదిమిన గుడ్డు. లోపల నాలుకతో నాకుతున్న చిన్న చప్పుడు. పిల్లి తింటోంది, అక్క వేలి మీంచి తింటోంది. అక్క దానితో మాట్లాడుతోంది.

"నెమ్మదిగా తిను తల్లీ. వాడు తొమ్మిదింటి దాకా రాడు. చెడ్డవాడు కాదే వాడు, ఎవరినీ నమ్మలేడు, అంతే. నాకు మాత్రం భయం లేదనుకున్నావా? తలుపు కిర్రుమంటే చాలు, నేనేం తప్పు చేశానా అని వెతుక్కుంటాను. ఇంకొక్క మూడు రోజులు ఓపిక పట్టు. శుక్రవారం ఆ గదికి మాటిచ్చేస్తే ఇద్దరం వెళ్ళిపోదాం. అక్కడ ఎవరూ మన మీదికి ఊడిపడరు."

దొంగను పట్టుకున్నప్పుడల్లా ఎక్స్‌రే గుండెల్లో ఒక వెచ్చదనం పొంగుతుంది. అలవాటు కొద్దీ అది ఇప్పుడూ పొంగింది. దాని వెనకే, ఆ మాటలు అర్థమవుతున్నకొద్దీ, ఒళ్ళంతా చల్లబడిపోయింది. చేతిలోంచి చెప్పొకటి జారి నేల మీద పడింది.

పిల్లి పెట్టె వెనక్కి ఒక్క దూకు దూకింది. అక్క ఉలిక్కిపడి లేవబోయి మంచం పట్టెకు తల కొట్టుకుంది. బయటికి జరిగి, లేచి కూర్చుని, నుదురు పట్టుకుని చూస్తే ఎదురుగా తమ్ముడు ఒక చెప్పు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడైనా దెబ్బ తగిలిందా అక్కా అనొచ్చు కదా. ఆయన నోట్లోంచి వచ్చిన మాట వేరే.

"నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళానన్నావు. వెళ్ళలేదు."

అక్క నుదుటి మీంచి చెయ్యి తీసింది. "వెళ్ళలేదు," అంది. "గది చూడ్డానికి వెళ్ళాను. హాస్టల్లో వంటచేసిన ఆవిడ ఇంట్లో వెనకవైపు గది ఖాళీగా ఉంది. పిల్లిని తెచ్చుకోమంది. శుక్రవారం లోపల చెప్పమంది."

"మరి అబద్ధమెందుకు?"

"నిజం చెప్తే పది ప్రశ్నలు. అబద్ధమైతే రెండే. అలిసిపోయానురా."

ఎక్స్‌రే గుమ్మంలోనే కూలబడ్డాడు. "నీకు నేనంటే భయమా అక్కా?"

"నువ్వంటే కాదు. నువ్వు రావడమంటే భయం," అంది అక్క. "ముప్పై ఒక్క ఏళ్ళు రెండువందల మంది పిల్లల గదుల్లోకి వెళ్ళినదాన్ని. అందులో అబద్ధాలాడేవాళ్ళున్నారు, గోడ దూకేవాళ్ళున్నారు. ఒక్కరి గదిలోకైనా తలుపు తట్టకుండా వెళ్ళలేదు. నేనేం చేశానని నా మీద కాపు వేస్తావురా? ఆ మూగజీవం ఏం చేసిందని?"

ఆయనకు ముందు కోపం వచ్చింది. ఇంత చేస్తే, మంచి గది ఇస్తే, పెట్టె మోస్తే, చివరికి తనమీదే నేరమా అనుకున్నాడు. ఆ కోపంతోనే లేచి వెళ్ళబోతుంటే తలుపు మీద కాగితం కంటికెదురుగా ఉంది. 'అన్నీ రోజూ ఒకే వేళకు.' అది తిండికి రాసిన మాట అనుకున్నాడు ఇన్నాళ్ళూ. వాకిలి మెట్ల మీద కూర్చుని డాక్టరమ్మకు ఫోన్ చేసి, మొదటిసారిగా ఏమీ కూపీ లాగకుండా, జరిగింది జరిగినట్టు చెప్పాడు. పౌడరు సంగతి కూడా చెప్పాడు. ఆవిడ నవ్వలేదు. పిల్లికి ఏమొస్తుందో కంటే ఎప్పుడొస్తుందో తెలియడం ముఖ్యమండీ అంది. మీరు రోజూ ఒకే సమయానికి, చప్పుడు చేసుకుంటూ రండి. దానికి వీపు పెట్టి కూర్చుని ఏదైనా పైకి చదవండి. మీ గొంతు అలవాటవుతుంది. ఏం జరిగినా వెనక్కి తిరిగి చూడకండి. ఇవన్నీ చెప్పి ఫోన్ పెట్టేసింది. శుక్రవారానికి మూడు సాయంత్రాలున్నాయి.

బుధవారం ఎక్స్‌రే డిపో మేనేజరు ముందు నిలబడి, ఇకమీదట తనకు సాయంత్రం అయిదున్నరకల్లా డ్యూటీ అయిపోయేట్టు వేయమని అడిగాడు. మేనేజరు ఎగాదిగా చూసి, ఎవరిని పట్టుకోవడానికి ఈ ఎత్తు అన్నాడు. ఎవరినీ కాదు సార్, ఇంట్లో పిల్లి అన్నాడు ఎక్స్‌రే. మేనేజరు నమ్మలేదు. కండక్టర్లయితే అసలే నమ్మలేదు. అయిదున్నర తర్వాత ఎక్స్‌రే రాడన్న కబురు డిపో అంతా పాకేసరికి, ఇందులో ఏదో పెద్ద వల ఉందని ఆ వారమంతా ప్రతి బస్సులో ప్రతి మనిషికీ టికెట్ కొట్టారు. అంత నిక్కచ్చిగా ఆ డిపో బస్సులు ఎన్నడూ తిరగలేదట.

అక్కడ్నుంచి టైలరు కొట్టుకు వెళ్ళాడు. కొన్నాయన సామాను బయటికి చేరవేయిస్తున్నాడు. కుట్టుమిషను కింద పడి ఉండే పాత పీలిక ఏదైనా ఉంటే ఇప్పించమని ఎక్స్‌రే అడిగాడు. ఉతకనిదే కావాలన్నాడు. ఆయన పై నుంచి కిందికి చూశాడు. మాసిన గుడ్డతో మీకేం పని, మీరెవరు, ఇంతకు ముందు ఎప్పుడూ చూడలేదే అంటూ వరసగా అడిగాడు. ఎక్స్‌రేకు చెవులు వేడెక్కాయి. జేబులు తడుముకున్నాడు, గుర్తింపు కార్డు తీసి చూపించాడు, పిల్లి అన్నాడు, అక్క అన్నాడు, మాట తడబడింది. నిజమే చెబుతున్నా దొంగలా కనిపిస్తున్నానని తెలుస్తూనే ఉంది. చివరికి ఆయన మూలనున్న కుప్పలోంచి వెంట్రుకలు అంటుకున్న ఒక నీలం పీలిక తీసి, దూరం నుంచే విసిరాడు.

ఆరింటికి ఎక్స్‌రే గేటు దగ్గర ఆగి గట్టిగా దగ్గాడు. "నేనే, వస్తున్నా," అన్నాడు. పై వాటావాళ్ళు ఎవరితో మాట్లాడుతున్నాడా అని బాల్కనీలోంచి వంగి చూశారు. చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్లెక్కి, గది బయట నిలబడి తలుపు తట్టాడు. లోపలికి రానా అక్కా అని అడిగాడు. అక్క నమ్మినట్టు కనిపించలేదు, అయినా రమ్మంది.

నీలం పీలిక పక్కన వేసుకుని, మంచానికి వీపు పెట్టి నేల మీద కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఉన్న పుస్తకం ఒక్కటే, తనిఖీ నిబంధనల పుస్తకం. కళ్ళజోడు పెట్టుకుని దాన్నే తెరిచి పైకి చదవడం మొదలుపెట్టాడు. "ప్రయాణికుడు అడిగిన వెంటనే టికెట్ చూపించలేని పక్షంలో..." అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చూడకుండా ఉండటమంటే మాటలు కాదు. వెనక ఏదో కదిలిందని వీపుకు తెలుస్తోంది. మెడ దానంతటదే తిరగాలని చూస్తోంది. పావుగంట గడిచేసరికి ఎక్స్‌రే బుద్ధి ఒక దారి కనిపెట్టింది. ముందున్న స్టీలు గ్లాసును కాస్త పక్కకు తిప్పితే అందులో మంచం కింద భాగం నీడలా కనిపిస్తోంది. రెండు చెవులు, వాటి కింద రెండు కళ్ళు. ఆయన గ్లాసును ఇంకాస్త జరిపాడు. గ్లాసు మీద పడిన వెలుగు మంచం కింద గోడ మీద చటుక్కున మెరిసింది. చెవులు మాయమైపోయాయి. వంటింటి గుమ్మంలోంచి అంతా చూసిన అక్క వచ్చి, ఒక్కమాటా అనకుండా గ్లాసు తీసుకుపోయింది. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

గురువారం ఆరింటికి దగ్గాడు, తట్టాడు, కూర్చున్నాడు. జరిమానా అధ్యాయం చదివాడు. మధ్యలో మూలన ఇసుక గీరిన చప్పుడైంది, తర్వాత నీళ్ళు తాగిన చప్పుడు. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, వచ్చిన వాక్యాలే మళ్ళీ మళ్ళీ చెప్పాడు. లేచేటప్పుడు మోకాళ్ళు పట్టేశాయి. అక్క చెయ్యి అందించింది. గది సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నుంచీ ఆయన మనసు మనసులో లేదు. అయిదున్నరకు బస్సు దిగి నడుస్తుంటే, ఈపాటికే అక్క మాటిచ్చేసి ఉంటుందేమోనని రెండుసార్లు ఫోను తీశాడు. ఫోన్ చేసి అడిగితే తెలిసిపోయేది. చేయలేదు. ఆరింటికి గేటు దగ్గర దగ్గి, తలుపు తట్టాడు.

కూర్చుని చదువుతున్నాడు. అక్క గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. సామాను నిబంధనల దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న నీలం పీలిక కొంచెం కదిలినట్టు తోచింది. ఆయన చూపు పుస్తకం మీంచి తీయలేదు. కాసేపటికి నడుముకు ఏదో తగిలింది. మెత్తగా, వెచ్చగా. తగిలి, జరిగిపోకుండా అక్కడే బరువుగా ఒరిగింది.

"అక్కా, అది పిల్లేనా?" అన్నాడు పెదవులు కదపకుండా.

"చదువు," అంది అక్క.

సరే, పిల్లే అయి ఉంటుందనుకున్నాడు. చదివిన వాక్యమే మూడుసార్లు చదివాడు. తర్వాత అదే గొంతుతో, అదే తీరున, పుస్తకంలో ఉన్న మాటలా అన్నాడు. "ఆ గదికి వెళ్ళకు అక్కా. నువ్వు లేకపోతే నేను ఉండలేను. నిన్ను భయపెట్టాను, తప్పు నాదే."

అక్క గుమ్మం దగ్గర్నుంచి కదిలి వంటింట్లోకి వెళ్ళింది. ఫోనులో నంబరు నొక్కుతున్న చప్పుడు. ఆ తర్వాత చిన్న గొంతు, రెండు నిమిషాలు. ఒక్క మాటా అర్థం కాలేదు. ఎక్స్‌రే నాలుక చివర ఎవరికి, ఏమని, ఎప్పటికని, అడగాల్సినవన్నీ వరసగా నిలబడ్డాయి. ఆయన పేజీ తిప్పాడు.

అక్క వచ్చి మళ్ళీ గుమ్మంలో నిలబడింది. ప్రశ్న కోసం చూసింది. రాలేదు. ఇంకాసేపు చూసింది. ఆయన చదువుతూనే ఉన్నాడు.

"వంటావిడకే చేశాను," అంది చివరికి తనంతట తనే. "గది ఇంకెవరికైనా ఇచ్చుకోమని చెప్పాను."

ఎక్స్‌రే చదవడం ఆపలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటే బాగుండేది. కానీ చెయ్యి కదిపితే పిల్లి లేస్తుంది. అందుకని అక్షరాలు కనిపించకపోయినా, కంఠతా వచ్చిన నిబంధనలే ఒకటి తర్వాత ఒకటి చెప్పుకుంటూ కూర్చున్నాడు.